నంద్యాల సీమలో రాళ్ల కాపురము

రోలు పోయి మద్దెలతో మొరపెట్టుకొన్నదని మన పెద్దలు ఒక సామెత చెప్పుదురు. రోలు ఒక వైపుననే దెబ్బలు తినును. మద్దెల రెండు వైపులను తినును. కావుననే ఆ మొర విన్నవారికి నవ్వు వచ్చును. నేడు నంద్యాల బడులలో ఈ సామెతను బోధించు ఉపాధ్యాయునకు ఒక చిక్కు వచ్చుచున్నది. మద్దెలనైన ఏ భజన మందిరముననో చూపవచ్చును. రోటిని చూపవలెనన్నచో పెరటిలో పూలకుండీకి పీఠముగా బోర్లించియున్నదానిని వెదకి చూపవలెను. తరతరములకు పచ్చళ్లు నూరి పెట్టిన రాయి ఇంటి నడుమనుండి గోడ మూలకు జరిగినది. దానితోపాటు ఒక పనియు, ఒక సామెతయు, ఒక వృత్తియు జరుగుచున్నవి.

రాళ్లతో మనుష్యులు చేసిన కాపురమును తెలిసికొనుటకు నంద్యాల, ఆళ్లగడ్డలకంటె తగిన తావు అరుదు. తూర్పున నల్లమల, పడమట ఎర్రమల, నడుమ కుందూ నది, దాని కిరుప్రక్కల నల్లరేగడి భూములు: ఇదియే ఈ సీమ స్వరూపము. 2022 ఏప్రిల్ 4వ తేదీన ఇది నంద్యాల జిల్లాగా వేరుపడినది. విలియం కింగ్ అను భూగర్భ శాస్త్రజ్ఞుడు 1872లో కడప, కర్నూలు శిలలను గూర్చి ఒక పెద్ద గ్రంథమును ప్రకటించెను. అప్పటినుండి ఇచటి రాతి పొరలకు ఈ ప్రాంతపు ఊళ్ల పేర్లే నిలిచినవి. బనగానపల్లె, నార్జి, అవుకు, పాణ్యం, కోవెలకుంట్ల, నంద్యాల అని క్రిందినుండి పైకి ఆ పొరలను లెక్కింతురు. బస్సు కండక్టరు నోట నిత్యము వినబడు పేర్లనే భూగర్భ శాస్త్రమునందును చదువుకొను భాగ్యము ఎన్ని ఊళ్ల పిల్లలకు దక్కును?

ఈ పొరలలో సున్నపురాయి ముఖ్యమైనది. బహుకోట్ల సంవత్సరములకు పూర్వము ఇచట సముద్రముండెను. దాని అడుగున పేరుకొనిన మెత్తని పదార్థము పలకలు పలకలుగా గట్టిపడి రాయియైనది. కావుననే గడ్డపార మొనను సరియైన సందున నిలిపినచో బండ పుస్తకపు పుటవలె విడివడును. దీనినే జనులు నాపరాయి యందురు. బేతంచెర్ల, బనగానపల్లె, కొలిమిగుండ్ల వైపు గనులనుండి ఈ బండలు దూరప్రాంతముల ఇండ్లకును పోవుచున్నవి. కొలిమిగుండ్ల చెంతనున్న బెలుం గుహలు ఇట్టి రాతియందే నీరు తొలిచిన ఇండ్లు. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ వీనిని గుర్తించెను. తరువాత కొలిచిచూడగా వాని పొడవు 3,229 మీటర్లని తేలినది. మనుష్యుడు రాతితో ఇల్లు కట్టకమునుపే నీరు రాతిలో ఇల్లు కట్టినదన్నమాట.

మనుష్యుని ఇల్లు ఇచట మిద్దె. రాతిని మట్టితో కూర్చి మూరెడుకు మించిన మందమున గోడలు లేపుదురు. వానిపై దూలములు, దంతెలు పరచి, వానిమీద కట్టెలో బండలో పేర్చి, పైన మట్టిని మెత్తి, అన్నిటికి మీద చౌడుమన్ను పోయుదురు. చౌడు తడిసినప్పుడు బిగుసుకొని నీటిని లోనికి దిగనీయదు. ప్రతి సంవత్సరము వానలకు ముందే మిద్దెమీద క్రొత్త చౌడు పరచుట ఇంటి యజమానికి తప్పని విధి. మరచినవానికి మొదటి వానయే గుర్తుచేయును. అది గుర్తుచేయు చోటు చాలసార్లు అతని పడకమీదనే యుండును.

మిద్దె నడుమ వెలుతురునకై ఒక రంధ్రముంతురు. దానిని గవాచి యందురు. గవాక్షమను సంస్కృత పదమే పల్లెవారి నోట నలిగి ఇంటిలోని మనిషివలె చిన్నదైనది. గవాచినుండి దిగిన ఎండ బిళ్ల ఉదయమున ఒక గోడపై నిలిచి, మధ్యాహ్నమునకు నాపబండ మీదికి దిగి, సాయంకాలమునకు ఎదుటి గోడ నెక్కును. గడియారము లేని ఇంటిలో అదియే గడియారము. వాన వచ్చినంతనే ఎవరైన పరుగున మిద్దె నెక్కి దానిపై బండనో బానపెంకునో మూయవలెను. ఆ పని సాధారణముగా పిల్లలదే. తడియుటకు అనుమతి దొరకు పని అదియొక్కటే గావున, వారెవ్వరును వంతుల విషయమున తగవు పడక మానరు.

ఈ సీమలో రాయి పశువుగా మారినంత ముద్దుగా మరి దేనిగాను మారలేదు. నంద్యాల పేరే నందినుండి వచ్చినదని చెప్పుదురు. పట్టణమునందును పరిసరములందును నవనందులు కలవు. వానిలో ప్రసిద్ధమైన మహానందియందు కోనేటి నీరు అడుగున పడిన నాణెమును కూడ చూపునంత తేట. అచటి స్థలకథలో ఒక ఆవు పుట్టమీద పాలు కురియుచుండెననియు, మనిషి అలికిడికి బెదరి అడుగువేయగా దాని గిట్ట గురుతు లింగముపై నిలిచిపోయెననియు చెప్పుదురు. మహారాజుల శాసనములు రాతిపై చెక్కబడుట మనమెరిగినదే. బెదరిన ఆవు అడుగును కూడ రాతిపై దాచుకొని పూజించుట ఈ దేశపు మనసును తెలుపును.

బనగానపల్లె చెంతనున్న యాగంటి బసవన్న కథ వేరు. ఆయన పెరుగుచున్నాడని జనుల నమ్మకము. పూర్వము చుట్టును ప్రదక్షిణము చేయుటకు చోటుండెననియు, ఇప్పుడు స్తంభములు అడ్డమగుచున్నవనియు అందురు. కలియుగాంతమున ఆయన లేచి రంకెవేయునని వీరబ్రహ్మేంద్రస్వామి కాలజ్ఞానమున చెప్పినట్లు ప్రతీతి. ఆ స్వామియు బనగానపల్లెలో గరిమిరెడ్డి అచ్చమ్మ ఇంట ఆవులను కాచెనని కదా ఐతిహ్యము! యాగంటిలో కాకులు వాలవని మరియొక మాట. తన తపస్సును భంగపరచినవని అగస్త్యుడు వానిని శపించెనట. శాపము మాట ఎట్లున్నను, అచట పులిహోర తినువారు ఆకాశము వంక చూడక నిశ్చింతగా తినుట మాత్రము శాపఫలములలో మేలైనది.

నంద్యాలనుండి కడపకు పోవు దారిలో ఆళ్లగడ్డ కలదు. అచట శిల్పుల పనిపాకల ముందు దేవతలు, దేశనాయకులు, ఏనుగులు, సింహములు వరుసగా నిలిచి బాటసారులను చూచుచుందురు. ఆళ్లగడ్డ రాతిశిల్పమునకు భౌగోళిక గుర్తింపు లభించినది. ఇచటి విగ్రహములు ఇతర రాష్ట్రములకును, విదేశములకును పోవుచున్నవి. శిల్పి మొదట రాతిని వినును. ఉలితో తట్టినప్పుడు పలుకు ధ్వనినిబట్టి శిలలను పురుష, స్త్రీ, నపుంసకములని శిల్పశాస్త్రము విభజించినది. లోన బీట యున్న రాయి చక్కగా పలుకదు. పిమ్మట తాళమానము. ముఖపు పొడవును ఒక తాళముగా గైకొని తక్కిన అవయవములను ఆ కొలతతో నిర్ణయింతురు. లెక్కల ఉపాధ్యాయులు నిష్పత్తి పాఠమును ఇచట ఒక ఉదయములో ముగింపవచ్చును.

నందిని పందిని చేయుటయను మాట లోకమున నేర్పరుల మాయోపాయములకు చెల్లును. ఆళ్లగడ్డలో అది నిజముగా జరుగగల ప్రమాదము! ముట్టె అంగుళము పొట్టియైనచో చాలును. విరిగిన పెచ్చును మరల అతికింపరాదు. వంచిన మోకాలు, మెడలోని గజ్జెలపట్టెడ, ముడుతలుపడిన గంగడోలు, నిక్కిన చెవులు, అన్నిటికిని మించి ఆ చూపు: ఎదుట స్వామి, వెనుక జనము, ఎవరినీ తొందరపెట్టని చూపు. దానిని తెచ్చుటకే సంవత్సరముల సాధన. నంది చెవిని ప్రత్యేకముగా మలచుటకు వేరొక కారణము కూడ కలదు. భక్తులు తమ కోరికలను ఆ చెవిలోనే చెప్పుదురు. పరీక్షల నెలలో ఆ చెవికి విశ్రాంతి యుండదు.

దేవుని మలచు ఉలికి ఇంటి రాళ్లును దూరమైనవి కావు. రోలు, పొత్రము, తిరగలి, సన్నెకల్లు, తులసికోట ఇవన్నియు రాతిపనివారి చేతినుండి వచ్చినవే. రోటిలో నూరిన ఊరిబిండికిని, యంత్రములో తిప్పినదానికిని భేదమును రాగిసంగటి తినువారికి చెప్పనక్కరలేదు. వాడగా వాడగా రాయి నునుపెక్కును. అప్పుడు రాతిపనివాడు వీధివెంట వచ్చి, ఉలితో గాట్లు వేసి, దానికి మరల పదును తెచ్చి పోయెడివాడు. ఆ కేక నేడు వినబడుట అరుదైనది. విద్యుత్తుతో తిరుగు యంత్రము గృహిణి భుజముల నొప్పిని తగ్గించినదనుట సత్యము. ఆ మేలును కాదనుట అన్యాయము. వేకువనే లేచి తిరగలి త్రిప్పిన చేతులకు రాతిమీద కవిత్వము రాలేదు, కాయలు కాచినవి.

శిల్పి చేతికిని యంత్రము వచ్చినది. కోతయంత్రము దినముల పనిని గంటలలో ముగించును. కాని నల్లరాతిని పొడిగా కోసినప్పుడు లేచు సన్నని ధూళి ఊపిరితిత్తులలో చేరి సిలికోసిస్ అను నయముకాని వ్యాధిని కలిగింపగలదు. నీరు పోయుచు కోయుట, ముఖమునకు తగిన తొడుగు ధరించుట ఈ అపాయమును తగ్గించును. విగ్రహపు ధరను బేరమాడువారు ఈ నీటి ఖర్చును, తొడుగు ఖర్చును కూడ ఆ ధరలోనివేయని యెరుగుట మేలు. భౌగోళిక గుర్తింపు ఆళ్లగడ్డ పేరును ఇతరులు అపహరింపకుండ కాపాడును. ఆ పేరు గల పనిని చేయు ఊపిరిని కాపాడుట దానివలన కాదు. కొనువారివలనను, చేయించువారివలనను కావలెను.

ఇంతయు పెద్దల మాట. పిల్లలకు రాతితో మరియొక చుట్టరికము కలదు. పాత గుడి మంటపములలో నేలబండలను వంగి చూచినచో ఒక్కొక్కచోట గీతలు కనబడును. త్రికోణము, అడ్డగీతలు, కూడలులు. అవి శాసనములు కావు. పులి మేక ఆట గళ్లు. మూడు పులులు, పదునైదు మేకలు. పులులు మేకలను మింగవలెను. మేకలు కలిసికట్టుగా పులులను కదలకుండ బంధింపవలెను. గీతలు గీసినవారి పేర్లు లేవు, గెలిచినవారి పేర్లును లేవు. గులకరాళ్లు ఏరుకొని అచట కూర్చుండినచో ఆట నేడును సాగును. నంది అట్లే చూచుచుండును. ఎవరి పక్షమును వహింపడు.