వయోజన అభ్యాసకుల వైవిధ్యం – తెలుగు బహుమాధ్యమ బోధనసామగ్రి: రూపకల్పన, పరిశీలన

వ్యాససంగ్రహం:

వయోజనులలో కొందరు చూసి, కొందరు విని, కొందరు చేసి నేర్చుకుంటారనీ, బోధనసామగ్రిని వారి వారి శైలికి తగినట్టు తయారుచేయాలనీ ఉపాధ్యాయశిక్షణలో తరచుగా చెబుతారు. ఈ అభిప్రాయానికి ఉన్న ఆధారాలను పరిశీలించి, తెలుగునేలపై జరిగిన బహుమాధ్యమ ప్రయోగాల నుండి గ్రహించదగిన అంశాలను, తెలుగు లిపికి అనువైన సామగ్రి నిర్మాణక్రమాన్ని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: వయోజనవిద్య, అభ్యసనశైలి, బహుమాధ్యమం, నవాక్షరాస్యులు, తెలుగు లిపి, సంజ్ఞానభారం.

1. ఉపోద్ఘాతం:

2011 జనగణన ప్రకారం నేటి తెలంగాణ ప్రాంతంలో అక్షరాస్యత 66 శాతానికి కాస్త పైన ఉండేది. ఏడేళ్లు పైబడినవారిలో ప్రతి ముగ్గురిలో దాదాపు ఒకరు అప్పటికి అక్షరానికి దూరంగా ఉండేవారన్నమాట. జాతీయ విద్యావిధానం 2020 తరువాత 2022–27 కాలానికి కేంద్రప్రభుత్వం చేపట్టిన నవభారత సాక్షరతా కార్యక్రమం, అంటే ‘ఉల్లాస్’, పదిహేనేళ్లు నిండినవారికి చదవడం, రాయడం, లెక్కలతోపాటు జీవననైపుణ్యాలను నేర్పడం లక్ష్యంగా పెట్టుకుంది. ఇందులో మొబైల్ యాప్‌కూ, దృశ్యశ్రవణ పాఠాలకూ ప్రాధాన్యం ఉంది. కాబట్టి పాఠాన్ని తెరపైకి ఎక్కించాలా వద్దా అన్న చర్చ ముగిసింది. ఎలా ఎక్కించాలన్న ప్రశ్న మిగిలింది.

దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్‌ల మీదుగా నాగార్జునసాగర్ రహదారి వెంబడి తుర్కయంజాల్ వరకు విస్తరించిన నగరభాగం ఈ ప్రశ్నకు మంచి ఉదాహరణ. ఒకవైపు పోటీపరీక్షల శిక్షణకేంద్రాలు, కంప్యూటర్ శిక్షణాలయాలు ఉన్నాయి. మరోవైపు ఆ భవనాలను కట్టే కూలీలు, ఇళ్లలో పనిచేసే స్త్రీలు, బస్సు బోర్డును పక్కవారిని అడిగి తెలుసుకునే వృద్ధులు ఉన్నారు. వీరిలో చాలామంది చేతిలో ఫోను ఉంది. ఆ ఫోను తెరపై అక్షరం ఉంది. దానిని చదివే అవకాశం మాత్రం అందరికీ లేదు.

2. అభ్యసనశైలి – సిద్ధాంతం, సందేహం:

అనుభవాధారిత అభ్యసనాన్ని వివరించిన డేవిడ్ కోల్బ్ గ్రంథం 1984లో వెలువడింది. 1992లో నీల్ ఫ్లెమింగ్, కొలీన్ మిల్స్ ప్రతిపాదించిన ‘వార్క్’ నమూనా అభ్యాసకులను దృశ్య, శ్రవణ, పఠన–లేఖన, చలన అనే నాలుగు అభిరుచుల కింద పరిచయం చేసింది. సులభంగా గుర్తుండే విభజన కావడం వల్ల ఇది శిక్షణతరగతుల్లో బాగా వ్యాపించింది.

అయితే ఫ్రాంక్ కాఫీల్డ్ బృందం 2004లో ఇటువంటి నమూనాలను 71 వరకు గుర్తించి, వాటిలో 13 ముఖ్యమైనవాటిని నిశితంగా పరిశీలించి, చాలావాటి విశ్వసనీయతను సందేహించింది. 2008లో హెరాల్డ్ పాష్లర్, మార్క్ మెక్‌డేనియల్, డగ్ రోరర్, రాబర్ట్ బ్యోర్క్ ఒక స్పష్టమైన కొలమానాన్ని ముందుంచారు. అభ్యాసకులను శైలినిబట్టి వర్గీకరించి, ప్రతి వర్గంలోనివారినీ యాదృచ్ఛికంగా వేర్వేరు బోధనపద్ధతులకు కేటాయించి, చివరకు అందరికీ ఒకే పరీక్ష పెట్టాలి. ‘దృశ్య’వర్గానికి దృశ్యబోధన, ‘శ్రవణ’వర్గానికి శ్రవణబోధన ఎక్కువ మేలు చేసినట్టు తేలితేనే శైలికి తగిన బోధన అనే వాదం నిలుస్తుంది. ఈ కొలమానానికి నిలిచే ఆధారాలు దాదాపు లేవని వారు తేల్చారు.

దీని అర్థం అభ్యాసకులంతా ఒకటేనని కాదు. అభిరుచి ఉండడం వేరు, ఆ అభిరుచికి తగినట్టు బోధిస్తే ఎక్కువ నేర్చుకోవడం వేరు. మొదటిది నిజమే, రెండవది నిరూపణ కాలేదు. ‘ఈమె వినే రకం, చదివే రకం కాదు’ అని ఒక వయోజన అభ్యాసకురాలికి ముద్ర వేస్తే, ఆమె దేనికోసం తరగతికి వచ్చిందో ఆ చదువునే ఆమెకు దూరం చేసినట్టవుతుంది. ఇందులోని అపాయం ఇదే.

3. నిజమైన వైవిధ్యం ఎక్కడుంది?

మాల్కం నోల్స్ వయోజన అభ్యసనాన్ని వివరిస్తూ పూర్వానుభవం, తక్షణ అవసరం, స్వయంనిర్ణయం అనే అంశాలకు ప్రాధాన్యమిచ్చాడు. ఈ దృష్టితో చూస్తే బోధనసామగ్రి గుర్తించవలసిన భేదాలు ఇవి:

అ) పూర్వవిద్య: చిన్నప్పుడు రెండు మూడు తరగతులు చదివి మరచినవారు, అసలు బడికి వెళ్లనివారు, ఉర్దూ లేదా హిందీ చదవగలిగి తెలుగు చదవలేనివారు ఒకే తరగతిలో కూర్చుంటారు.

ఆ) శరీరస్థితి: నలభై దాటినవారిలో దగ్గరిచూపు తగ్గడం, వినికిడి మందగించడం, కూలిపని చేసిన వేళ్లకు పెన్ను పట్టు కుదరకపోవడం.

ఇ) సమయం: పనివేళలు మారుతూ ఉండడం, వరుసగా తరగతికి రాలేకపోవడం.

ఈ) మాండలికం: ఇంట్లో మాట్లాడే తెలుగుకూ వాచకంలోని తెలుగుకూ ఉన్న దూరం.

ఉ) బిడియం: తప్పు చదివితే నలుగురిలో నవ్వులపాలవుతామన్న భయం.

ఇవి ఊహాత్మక వర్గాలు కావు. గమనించి, అడిగి తెలుసుకోగలిగినవి. సామగ్రిని మార్చవలసింది వీటినిబట్టి.

4. తెలుగునేలపై బహుమాధ్యమ ప్రయోగాలు:

4.1 ఉపగ్రహ ప్రసారం: 1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు ఏటీఎస్–6 ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లో సుమారు 2400 గ్రామాలకు బోధనాత్మక టెలివిజన్ ప్రసారాలు అందాయి. ఆంధ్రప్రదేశ్ వాటిలో ఒకటి. సాయంత్రం ఊరుమ్మడి టీవీ ముందు వయోజనులు వ్యవసాయ, ఆరోగ్య విషయాలను చూశారు. దృశ్యం చేరింది. కాని ఆపి మళ్లీ చూసే వీలూ, తిరిగి ప్రశ్నించే వీలూ ఆ మాధ్యమంలో లేవు.

4.2 నెల్లూరు అక్షరాస్యత ఉద్యమం: 1990లో నెల్లూరు జిల్లాలో సాగిన సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం పాట, నాటిక, కళాజాతాలతో జనాన్ని కదిలించింది. వాచకంలోని ‘సీతమ్మ కథ’ సారాకు వ్యతిరేకంగా స్త్రీలు ఏకం కావడాన్ని చెప్పింది. దూబగుంట స్త్రీలు దానిని తమ కథగా చదువుకున్నారు. అక్కడ మొదలైన సారా వ్యతిరేకోద్యమం పెరిగి, 1993 అక్టోబరులో రాష్ట్రమంతటా సారా నిషేధానికి దారితీసింది. సాంకేతిక పరికరం లేకపోయినా ఇది బహుమాధ్యమమే. పాఠ్యవస్తువు అభ్యాసకుల బతుకులోనిది కావడమే దాని బలం.

4.3 కంప్యూటర్ ఆధారిత అక్షరాస్యత: ఎఫ్.సి. కోహ్లీ ప్రేరణతో టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ సంస్థ 2000లో అప్పటి మెదక్ జిల్లా బీరంగూడలో తెలుగులో ఈ ప్రయోగాన్ని ప్రారంభించింది. అక్షరమాలతో కాక, పరిచితమైన పూర్తి పదంతో పాఠం మొదలవుతుంది. బొమ్మ, ధ్వని, పదం తెరపై కలిసి కనిపించి, తరువాత పదం అక్షరాలుగా విడిపోతుంది. సుమారు 40 గంటల్లో దినపత్రిక స్థాయి పఠనం దీని లక్ష్యం. పాత కంప్యూటర్లనే వాడడం, జాతీయ సాక్షరతా మిషన్ వాచకాలను ఆధారం చేసుకోవడం దీని ప్రత్యేకతలు. పఠనంపైనే దృష్టి పెట్టడం వల్ల లేఖనాన్ని వేరుగా నేర్పవలసి రావడం దీని పరిమితి.

4.4 సంగం రేడియో: జహీరాబాద్ ప్రాంతంలోని మాచనూరులో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళాసంఘాల సమాజ రేడియో 2008 అక్టోబరు 15న ప్రసారాలు ప్రారంభించింది. పేద దళిత స్త్రీలే కార్యక్రమాలను రూపొందించి, తమ యాసలో ప్రసారం చేశారు. అభ్యాసకులు సామగ్రికి వినియోగదారులుగా మిగలక నిర్మాతలయ్యారు.

5. రూపకల్పన సూత్రాలు:

అలన్ పైవియో ద్విసంకేత సిద్ధాంతం, జాన్ స్వెల్లర్ సంజ్ఞానభార సిద్ధాంతం, రిచర్డ్ మేయర్ బహుమాధ్యమ అభ్యసన పరిశోధనలు కలిసి చెప్పేది ఇది: మాటనూ బొమ్మనూ తగిన విధంగా జతచేస్తే శైలిభేదం లేకుండా సాధారణంగా అందరూ మెరుగ్గా నేర్చుకుంటారు. అనవసరమైన నేపథ్యసంగీతం, అలంకారాలు అభ్యసనాన్ని దెబ్బతీస్తాయి. పాఠాన్ని చిన్న ఖండాలుగా విభజించడం, ముఖ్యభాగాన్ని గుర్తుతో చూపడం, సంభాషణశైలిలో చెప్పడం మేలు చేస్తాయి.

మేయర్ చెప్పిన మరొక సూత్రాన్ని మాత్రం వయోజన అక్షరాస్యతకు యథాతథంగా అన్వయించలేము. బొమ్మతోపాటు వ్యాఖ్యానం వినిపిస్తున్నప్పుడు అవే మాటలను తెరపై రాయడం పునరుక్తి అవుతుందని, అది అవధానాన్ని చీలుస్తుందని ఆ సూత్రం చెబుతుంది. చదువు వచ్చినవారికి విషయం బోధించేటప్పుడు ఇది సరైనదే. నవాక్షరాస్యులకు ధ్వనికీ లిపికీ సంబంధం కుదర్చడమే బోధ్యాంశం కాబట్టి ఆ పునరుక్తే పాఠం అవుతుంది. సినిమాపాటలకు అదే భాషలో ఉపశీర్షికలు జోడించి, పలికే పదాన్ని రంగుమార్చి చూపే పద్ధతిని బ్రిజ్ కొఠారి 1990ల నుండి ప్రచారం చేయడానికి మూలం ఇదే. కనుక తొలిదశలో పలుకూ పదమూ కలిసి రావాలి. పఠనం కుదిరాక వాటిని క్రమంగా విడదీయాలి.

6. నమూనా పాఠం – ‘మందు’, ‘ముందు’:

మందుచీటీని పాఠ్యవస్తువుగా తీసుకుంటే నిర్మాణక్రమం ఇలా ఉంటుంది.

మొదట మాత్రల పట్టీ ఛాయాచిత్రం కనిపిస్తుంది. వాడుకలో ‘మందు’ అంటే మద్యమనే అర్థమూ ఉన్నందున చిత్రం అర్థాన్ని నిర్ధారిస్తుంది. తరువాత స్థానిక యాసలో ఒక స్త్రీ గొంతు ‘మందు’ అని పలుకుతుండగా పదం పెద్ద అక్షరాలతో వెలుగుతుంది. పదం ‘మం’, ‘దు’గా విడిపోతుంది. ఆ వెంటనే మొదటి అక్షరానికి ఒక కొమ్ము రంగుతో వచ్చి చేరుతుంది. పదం ‘ముందు’ అవుతుంది. అన్నం పళ్లెం పక్కన మాత్ర ఉన్న బొమ్మతో ‘అన్నానికి ముందు’ అన్న వాక్యం వినిపిస్తుంది. చివర ‘అన్నం తరువాత’ అన్న బొమ్మను పక్కన పెట్టి, ఏది ఏదో వేలితో తాకి చూపమంటుంది.

ఒక్క కొమ్ము అర్థాన్ని ఎంత మారుస్తుందో అభ్యాసకులు ఇక్కడ గ్రహిస్తారు. చీటీ తప్పుగా చదివితే కలిగే హాని వారికి తెలిసినదే కనుక ఆసక్తిని వేరుగా కల్పించనక్కరలేదు. రెండు నిమిషాలకు మించని ఈ ఖండాన్ని ఫోనులో ఒంటరిగా ఎన్నిసార్లైనా చూడవచ్చు. బిడియం అడ్డురాదు. తరగతిలో అట్టముక్కలపై అవే అక్షరాలను పేర్చి ‘మంద’, ‘దుమ్ము’ వంటి పదాలు కట్టిస్తారు, ఇసుకలోనో పలకపైనో రాయిస్తారు. దృశ్యం, శ్రవణం, లేఖనం, చలనం నాలుగూ ప్రతి అభ్యాసకుడికీ అందుతాయి.

లిపి విషయంలో మరింత జాగ్రత్త అవసరం. మ–వు, ప–వ, ప–ఫ–ష, ద–ధ వంటి జంటలు కొత్తగా చదివేవారిని తికమకపెడతాయి. తలకట్టు, పొట్టలోని చుక్క, కింది వత్తు స్పష్టంగా కనిపించే యూనికోడ్ ఖతినే వాడాలి. అలంకృత ఖతులను తొలిపాఠాల్లో పరిహరించాలి. పోలికగల అక్షరాలను మొదట వేరువేరు పాఠాల్లో స్థిరపరచి, ఆ తరువాతే పక్కపక్కన చూపాలి.

పాఠం నుండి వీధికి వెళ్లే దారి కూడా సామగ్రిలో భాగమే. ఎల్.బి.నగర్–మియాపూర్ మెట్రోలో స్టేషన్ పేరు వినిపిస్తుంది, బోర్డుపై కనిపిస్తుంది. ‘చైతన్యపురి’ అన్న మాటను విన్న క్షణంలోనే బోర్డుపై వెతకమనడం ఖర్చులేని బహుమాధ్యమ అభ్యాసం.

7. మూల్యాంకనం:

అభ్యాసకులకు పాఠం నచ్చిందా అని అడగడం మూల్యాంకనం కాదు. వారం తరువాత తెరపై చూసిన చిత్రం కాక వేరొక నిజమైన మందుచీటీ ఇచ్చి చదివించాలి. కొత్త సందర్భంలో చదవగలిగితేనే అభ్యసనం జరిగినట్టు. తరగతి మానినవారు ఏ ఖండం దగ్గర ఆగిపోయారో నమోదు చేస్తే దోషం అభ్యాసకునిలో ఉందా, సామగ్రిలో ఉందా అన్నది తెలుస్తుంది.

8. ముగింపు:

• అభ్యసనశైలి పేరుతో వయోజనులను వర్గీకరించి వేర్వేరు సామగ్రి ఇవ్వడానికి తగిన పరిశోధనాధారం లేదు. ఒకే పాఠంలో అనేక మార్గాలను అందరికీ తెరచి ఉంచడం ఉచితం.

• పూర్వవిద్య, చూపు, వినికిడి, సమయం, మాండలికం వంటి గమనించదగిన భేదాలే సామగ్రి రూపకల్పనకు ప్రాతిపదిక కావాలి.

• పునరుక్తి సూత్రం నవాక్షరాస్యుల విషయంలో తిరగబడుతుంది. పలుకు–పదం జోడింపును ఏ దశలో తగ్గించాలన్నది తెలుగు లిపి ఆధారంగా పరిశోధించదగిన అంశం.

• ఉపగ్రహ ప్రసారం నుండి సంగం రేడియో వరకు జరిగిన ప్రయోగాలు, పరికరం కన్నా పాఠ్యవస్తువూ అభ్యాసకుల భాగస్వామ్యమూ ముఖ్యమని సూచిస్తున్నాయి.

• పాష్లర్ బృందం సూచించిన ప్రయోగనమూనాతో తెలుగు వయోజన అభ్యాసకులపై అధ్యయనాలు చేపడితే శిక్షణతరగతుల్లో వినిపించే అభిప్రాయాల స్థానంలో ఆధారాలు నిలుస్తాయి.