వార్తల్లో పదం: కలర్ సెంటర్

ఉపగ్రహాల్లో, అణు రియాక్టర్ల దగ్గర, కణ త్వరణ యంత్రాల్లో వాడే ఆప్టికల్ ఫైబర్ రేడియేషన్ తగిలేకొద్దీ మసకబారుతుంది. పైకి ఒక్క పగులైనా కనిపించదు. నష్టమంతా పరమాణువుల స్థాయిలోనే.

ఫైబర్ అంటే అతి శుద్ధమైన సిలికా గాజు. అందులో ప్రతి సిలికాన్ పరమాణువూ నాలుగు ఆక్సిజన్ పరమాణువులతో ముడిపడి ఉంటుంది. గామా కిరణాలు అక్కడి ఎలక్ట్రాన్లను ఊడగొడతాయి, కొన్ని బంధాలు తెగుతాయి. ఊడిన ఎలక్ట్రాన్లలో చాలావరకు వెంటనే తిరిగి చేరిపోతాయి. కొన్ని మాత్రం గాజులోని లోపాల దగ్గర, అందులో కలిపిన మూలకాల దగ్గర చిక్కుకుపోతాయి. అలా ఏర్పడేదే కలర్ సెంటర్. అది కొన్ని తరంగదైర్ఘ్యాల కాంతిని మింగేస్తుంది, దాంతో సిగ్నల్ నీరసిస్తుంది.

గాజులో ఏం కలిపారన్నదే ఇక్కడ కీలకం. ఫాస్ఫరస్ కలిపితే నష్టం ఎక్కువ, అదీ త్వరగా మానదు. శుద్ధ సిలికా కోర్ (కాంతి ప్రయాణించే మధ్యభాగం) చాలా మెరుగ్గా తట్టుకుంటుంది. వేడిచేస్తే చిక్కిన ఎలక్ట్రాన్లు కొన్ని విడుదలై ఫైబర్ కొంత కోలుకుంటుంది.

నిజంగా మెచ్చుకోవలసిన పని జెనీవా దగ్గరి కణభౌతిక పరిశోధన కేంద్రం సెర్న్‌లో జరిగింది. ఫాస్ఫరస్ ఫైబర్ బలహీనతనే అక్కడ కొలమానంగా మార్చారు. దాని పొడవునా కాంతి ఎక్కడ ఎంత తగ్గిందో చూసి, ఏ చోట ఎంత రేడియేషన్ పడిందో లెక్కగడతారు.