ఒక్క ఐడియాతో ఆగొద్దు.. ముప్పై రాయండి!

‘ప్రాజెక్టుకు టాపిక్‌ దొరకడం లేదు సార్‌!’.. ఫైనలియర్‌ మొదలవగానే కాలేజీల్లో తరచూ వినిపించే మాట ఇది. చివరికి సీనియర్ల రిపోర్టు తెచ్చి, పేర్లు మార్చి ఇచ్చేసేవాళ్లూ ఉంటారు. మార్కులు పడిపోతాయి గానీ చిక్కంతా ఇంటర్వ్యూలో వస్తుంది. ‘ఈ సమస్యనే ఎందుకు ఎంచుకున్నారు? ఇంకేమైనా దారులు ఆలోచించారా?’ అని అడిగితే నోరు పెగలదు. కొత్తగా ఆలోచించడం కొందరికే పుట్టుకతో వచ్చే వరం కాదు. రాస్తూ రాస్తూ పెంచుకోదగ్గ అలవాటు.

ముందు సంఖ్య.. తర్వాతే ఎంపిక

అడగ్గానే తట్టే మొదటి నాలుగైదు ఆలోచనలు దాదాపు అందరికీ తట్టేవే. అటెండెన్స్‌ యాప్‌, చాట్‌బాట్‌, లైబ్రరీ సాఫ్ట్‌వేర్‌.. ఇలా. ఆ మామూలువి అయిపోయాకే మీదంటూ ఒకటి బయటికొస్తుంది. అందుకే ముప్పై అని లెక్క పెట్టుకుని, ఇరవై నిమిషాలు టైమర్‌ పెట్టి రాయండి. రాస్తున్నంతసేపూ ఏదీ కొట్టేయొద్దు. ‘ఇది కుదరదు’, ‘నవ్వుతారేమో’ లాంటి తీర్పులు మర్నాటికి వాయిదా వేయండి. బ్రెయిన్‌స్టార్మింగ్‌ను ప్రచారంలోకి తెచ్చిన అమెరికా ప్రకటనల నిపుణుడు అలెక్స్‌ ఆస్‌బర్న్‌ చెప్పిన నియమాల్లో ముఖ్యమైనవి ఇవే.. విమర్శ వద్దు, ఎన్ని ఎక్కువైతే అంత మంచిది.

ఏఐ టూల్‌ను అడగడం తప్పేమీ కాదు. కానీ మీ ముప్పై పూర్తయ్యాకే అడగండి. క్లాసులో అందరూ ఒకే ప్రశ్న వేస్తే అందరికీ ఇంచుమించు ఒకే జవాబు వస్తుంది మరి!

ఇబ్బంది కనిపిస్తే నోట్‌ చేసుకోండి

ఆలోచనలు శూన్యంలోంచి ఊడిపడవు. ఆలేరు ప్రాంతానికి చెందిన చింతకింది మల్లేశం చిన్నప్పుడే బడి మానేసి మగ్గం పనిలో చేరారు. చీరకు ఆసు పోయాలంటే చేతిని వేలసార్లు అటూ ఇటూ తిప్పాలి. ఆ పనితో తల్లి లక్ష్మి భుజం నొప్పితో బాధపడటం ఆయన రోజూ చూసేవారు. 1992లో యంత్రం తయారీ మొదలుపెట్టి 1999 నాటికి సాధించారు. దానికి అమ్మ పేరే పెట్టారు.. లక్ష్మీ ఆసు యంత్రం. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

మీ చుట్టూ కూడా ఇలాంటివి ఉంటాయి. హాస్టల్‌ మెస్‌లో క్యూ, నాన్న కొట్టులో అప్పుల ఖాతా, మాత్రలు వేసుకోవడం మర్చిపోయే తాతయ్య.. రోజుకు మూడు ఇబ్బందులు రాసినా నెలకు తొంభై.

నలుగురిలో నోరు తెరవలేకపోతే..

టీమ్‌లో ఒకరిద్దరే మాట్లాడి, మిగతావాళ్లు తలూపడం మామూలే. దీనికి 6-3-5 అనే పద్ధతి ఉంది. జర్మనీకి చెందిన బెర్న్‌డ్‌ రోర్‌బాఖ్‌ 1968లో ప్రతిపాదించారు. ఆరుగురు కూర్చుని, ఎవరి కాగితంపై వాళ్లు ఐదు నిమిషాల్లో మూడు ఆలోచనలు రాయాలి. తర్వాత కాగితం పక్కవాళ్లకివ్వాలి. వాళ్లు పైన ఉన్నవి చదివి, వాటికి కొనసాగింపుగానో కొత్తగానో ఇంకో మూడు చేర్చాలి. ఆరు రౌండ్లు.. అరగంట.. 108 ఆలోచనలు! మొహమాటస్తుల మాటా కాగితం మీదికి చేరుతుంది.

ఎలా రాసుకోవాలి?

బస్సులోనో, స్నానం చేస్తున్నప్పుడో తళుక్కుమన్నది ‘తర్వాత రాద్దాంలే’ అనుకుంటే జారిపోతుంది.

* చోటు ఒక్కటే ఉండాలి. జేబులో పట్టే పుస్తకమైనా, ఫోన్‌లో నోట్స్‌ అయినా సరే.

* పూర్తి వాక్యం రాయండి. ‘బస్సు యాప్‌’ అని రాస్తే వారం తర్వాత మీకే అర్థం కాదు. ‘చివరి బస్సు వెళ్లిపోయిందో లేదో మా ఊరి స్టాప్‌లో ఉన్నవాళ్లకు తెలియాలి’ అనండి.

* తేదీ వేయండి. ఎక్కడ, ఎవర్ని చూసినప్పుడు తట్టిందో చేర్చండి.

* ఇంగ్లిష్‌లోనే రాయాలని లేదు. తెలుగులో తట్టింది తెలుగులోనే రాయండి.

సగం ఆలోచనైనా దాచుకోవాల్సిందే. గణిత మేధావి రామానుజన్‌ తన నోట్‌బుక్‌లలో చాలా ఫలితాలకు నిరూపణలు రాయలేదు. ఆయన 1920లో చనిపోయాక దశాబ్దాల పాటు గణితవేత్తలు వాటిపై పనిచేశారు. రాసి ఉంచారు కాబట్టే అది సాధ్యమైంది.

ఆదివారం అరగంట

వారం మొత్తం రాసినవి ఆదివారం తిరగేయండి. ఇప్పుడే చేయగలిగేవి, ఎవరిదైనా సాయం కావాల్సినవి, పక్కన పెట్టాల్సినవి అని మూడు గుర్తులు వేయండి. రెండు పాత ఆలోచనలు కలిస్తే కొత్తది వస్తుందేమో చూడండి. ఒకదాన్ని ఎంచుకుని, ఆ ఇబ్బంది నిజంగా పడుతున్న ముగ్గురితో మాట్లాడండి. వాళ్లేమన్నారో అదే పుస్తకంలో రాయండి.

ఇలా చేస్తే ఇంటర్వ్యూలో చెప్పడానికి మీ దగ్గర సరుకుంటుంది. ‘ముప్పై ఆలోచనలు రాశాం. ఫలానా కారణంతో వీటిని వదిలేశాం. ముగ్గురితో మాట్లాడాక దీన్ని ఇలా మార్చాం’ అనొచ్చు. బట్టీపట్టిన జవాబు రెండో ప్రశ్నకే తడబడుతుంది. మీరు స్వయంగా ఆలోచించిన పని ఎన్ని ప్రశ్నలేసినా నిలబడుతుంది. ఈ రోజు తేదీ వేసి మొదటి మూడు ఇబ్బందులు రాసేయండి.