నొప్పి ఆగిందంటే పన్ను బాగైనట్టు కాదు

ఉదయగిరిలో గానీ ఆత్మకూరులో గానీ ఏదన్నా మందుల షాపు కాడ అర్ధగంట నిలబడి చూడండి. బుగ్గ మీద చెయ్యి పెట్టుకుని ఒకరన్నా వస్తారు. "పన్ను సలపతా ఉంది, ఒక మాత్ర ఇయ్యన్నా" అంటారు. మాత్ర మింగుతారు, పనికి పోతారు. నేనూ అట్టా మింగినోడినే.

పదేళ్ల కిందట నా ఎడమ దవడ పన్ను మూడు రాత్రులు నిద్ర పోనీలేదు. లవంగం నమిలా, ఉప్పునీళ్లు పుక్కిలించా, మాత్రలు మింగా. నాలుగో రోజు నొప్పి టక్కున ఆగింది. పీడ పోయిందనుకున్నా. ఆరు నెలలకి బుగ్గ బూరెలా వాచింది. నెల్లూరు పోతే డాక్టరమ్మ ఎక్స్‌రే చూసి, "నొప్పి ఆగిన రోజే పన్ను లోపల నరం చచ్చిపోయిందయ్యా" అన్నారు. అప్పటికి పన్ను చిగురు కింది దాకా పగిలిపోయింది, పీకక తప్పలేదు. ఆ మాట నాకు ముందే తెలిసుంటే పన్ను మిగిలేది.

పన్ను ఉత్త ఎముక ముక్క కాదు. పైన గట్టి పెంకు, లోపల మెత్తటి గుజ్జు. ఆ గుజ్జులోనే నరమూ రక్తనాళాలూ ఉంటాయి. పుచ్చు పైపెంకులో ఉన్నంతవరకు సిమెంటు పెట్టించుకుంటే సరిపోతుంది. గుజ్జు దాకా దిగితే అది వాస్తుంది. చుట్టూ గట్టి గోడలు, వాచడానికి చోటు లేదు. అందుకే అంత సలుపు. తర్వాత గుజ్జు చచ్చిపోతుంది, నొప్పి ఆగుతుంది. క్రిములు మాత్రం ఆగవు. వేరు చివర నుంచి దవడ ఎముకలోకి దిగి చీము పట్టిస్తాయి.

మరి రూట్ కెనాల్ దాకా వచ్చిందేమోనని ఎట్టా తెలుస్తుంది? ఈ గుర్తులు చూసుకోండి.

చల్లనీళ్లు తగిలితే జివ్వుమని రెండు మూడు క్షణాల్లో పోతే ఇంకా సిమెంటుతో బాగుపడే అవకాశం ఉంది. నీళ్లు మింగేశాక కూడా నిమిషాల తరబడి లాగుతుంటే నరం దెబ్బతిన్నట్టు అనుమానించాలి. వేడి టీకి నొప్పి లేచి, చల్లనీళ్లకి నెమ్మదిస్తే ఇంకా ముదిరినట్టు. ఏమీ తినకపోయినా దానంతటదే సలపడం, రాత్రి పడుకుంటే ఎక్కువవడం, కొరికితే పన్ను ఎత్తుగా తగిలి నొప్పెట్టడం కూడా గుర్తులే. చిగురు మీద చిన్న కురుపు లేచి, చీము కారి, మానినట్టే మాని మళ్లీ లేస్తుంటే లోపల వేరు కాడ చీము ఉన్నట్టే. ఎప్పుడో దెబ్బ తగిలిన ముందు పన్ను నల్లబడినా, నొప్పి లేకున్నా చూపించుకోవాలి.

ఇవి అనుమానానికే. చిగుళ్ల జబ్బు వల్లా, సైనస్ వల్లా కూడా పన్ను నొప్పెట్టొచ్చు. పన్ను తట్టి చూసి, చల్లదనం పెట్టి చూసి, ఎక్స్‌రే తీశాకే తేల్చాలి. ఎక్స్‌రే చూపించమని, ఎందుకు అవసరమో చెప్పమని డాక్టరును అడగండి. డబ్బు పెట్టేది మనం, అడగడం తప్పు కాదు.

మన మెట్టలో ఇంకో తికమక ఉంది, ఫ్లోరైడ్ నీళ్లు. మన దేశంలో మనుషులకొచ్చే ఫ్లోరోసిస్ గురించి షార్ట్, మరికొందరు డాక్టర్లు 1937లో రాసింది అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల గురించే. చిన్నప్పుడు ఆ నీళ్లు తాగితే పళ్లు పసుపుగా, గోధుమరంగుగా చారలు దేలి వస్తాయి. ఆ మచ్చ పుచ్చు కాదు. ఉత్త మచ్చకి రూట్ కెనాల్ అక్కర్లేదు. పెంకు రాలి, గుంట పడి, జివ్వుమంటుంటే మాత్రం చూపించుకోవాలి.

మాత్రలు నొప్పిని కప్పుతాయి, అంతే. రోజుల తరబడి నొప్పి మాత్రలు మింగితే కడుపుకీ కిడ్నీలకీ చేటు. యాంటీబయాటిక్ కూడా చచ్చిన గుజ్జులోకి చేరలేదు, అక్కడ రక్తమే ఆడదు గదా. జిల్లేడు పాలు పెడితే చిగురు కాలిపోతుంది. బుగ్గ వాపు మెడకో కంటికో పాకినా, జ్వరమొచ్చినా, నోరు తెరవలేకపోయినా, మింగడానికీ ఊపిరికీ కష్టమైనా అదే గంటలో పెద్దాసుపత్రికి పోవాలి. తెల్లారేదాకా ఆగొద్దు.

రూట్ కెనాల్ అంటే మత్తిచ్చి, చెడిన గుజ్జు తీసి, వేర్ల దారులు కడిగి మూసేయడం. దవడ పన్నుకి తర్వాత తొడుగు వేయించాలి, లేకుంటే పగులుతుంది.

ఉదయగిరి నుంచి నెల్లూరు దగ్గర దగ్గర 100 కిలోమీటర్లు. రెండు మూడు సార్లు తిరగాలంటే బస్సు ఖర్చు, పోయిన కూలి కలిపి చూసుకుని "పీకేయండి సారూ" అంటారు పేదోళ్లు. అది వాళ్ల అజ్ఞానం కాదు, లెక్క. ఆ లెక్క మారాలంటే మన ఊళ్ల సర్కారు ఆసుపత్రుల్లోనే ఎక్స్‌రేతో సహా పన్ను నిలబెట్టే వైద్యం అందాలి. అడుగుదాం. అంతవరకు ఒక్కటి గుర్తు పెట్టుకోండి: సలిపిన పన్ను ఉన్నట్టుండి మౌనమైతే సంబరపడొద్దు, ఆ వారంలోనే చూపించుకోండి.