ఏటికెదురీదు పులస

ఆషాఢమాసమున గోదావరికి ఎఱ్ఱనీరు వచ్చినదన్న వార్త కోనసీమలో ఎంత త్వరగా ప్రాకునో, పులస వచ్చినదన్న వార్త అంతకంటె త్వరగా ప్రాకును. రావులపాలెము మొదలు యానాము వరకు ఏటిగట్లమీద ఆ దినములలో ఇదియే ప్రసంగము. పుస్తెలమ్మియైనను పులస తినవలెనను సామెత మనవారి నోట పుట్టినదే. ఒక్క చేపకు వేల రూపాయలు పలుకుట ఇప్పుడు వింత కాదు. అయితే ఈ సామెత చెప్పువారిలో, ఆ చేప మన ఏటికి ఏల వచ్చుచున్నదో విచారించినవారు ఎందరు?

పులస యనునది ప్రత్యేకమైన జాతి కాదు. సముద్రముననున్నంత కాలము దీనిని ఇలస యందురు. వలస యనువారును గలరు. ఏటిలో ప్రవేశించిన పిమ్మటనే పులస యను పేరు వచ్చును. వంగదేశీయులు ప్రాణప్రదముగా నెంచు ఇలిష్ ఇదియే; ఇంగ్లీషువారి హిల్సా ఇదియే. 1822లో ఫ్రాన్సిస్ హామిల్టన్ గంగానది చేపలను గూర్చి వ్రాసిన గ్రంథములో దీనిని శాస్త్రలోకమునకు పరిచయము చేసెను.

ఇది మన కవళ్లకు జ్ఞాతి. వెండివలె మెఱయు పొలుసులు, పలుచని వెడల్పైన దేహము, పొట్ట అంచున రంపపు పండ్లవంటి గట్టి పొలుసుల వరుస దీని గుర్తులు. సాధారణముగా మూరెడు పొడవునకు లోపుగా నుండును. మగచేపకంటె ఆడుచేప పెద్దది. దీని మొప్పలయందలి సన్నని ముండ్ల వరుసలు జల్లెడవలె పనిచేయును. నోట చేరిన నీరు వెలికిపోగా, అందలి కంటికి కానరాని నాచును, సూక్ష్మజీవులును మిగులును. అదియే దాని ఆహారము. ఇట్టి చేప గాలపు ఎరకు ఆశపడుట అరుదు; వలకే చిక్కును.

ఇలసలు గుంపులుగా తిరుగును. ఒంటరి చేపను పెద్దచేప గుఱిచూచి పట్టగలదు. వేల చేపలు ఒక్కమారు మెఱసి మలగినప్పుడు దేనిని పట్టవలెనో దానికి తోచదు. కాని పెద్దచేపనుండి కాపాడిన ఆ గుంపే వలకు లాభమైనది. ఒంటరిగా వచ్చినచో తప్పించుకొనునవి, కలసి వచ్చుటచే కలసియే చిక్కుచున్నవి.

వానకాలమున గోదావరి వరదనీరు సముద్రములోనికి చొచ్చుకొనిపోవును. ఆ తీపినీటి జాడ తెలియగనే ఈ గుంపులు గౌతమి, వసిష్ఠ, వైనతేయ సంగమములకడ చేరి, లోనికి ప్రవేశించును. ఇది సులువైన ప్రయాణము కాదు. సముద్రమున ఒంటిలోని ఉప్పును వెలికి నెట్టుచుండిన మొప్పలు, ఏటిలో అందుకు విరుద్ధముగా ఉప్పును లోనికి గ్రహింపవలెను. దారిలో ఆహారము బహుస్వల్పము. సముద్రమున కూడబెట్టుకొన్న కొవ్వే దానికి దారిబత్తెము. మనము మట్టికుండలో పులుసు పెట్టి, మఱునాటి వఱకు ఉంచి, లొట్టలు వేయుచు మెచ్చుకొను రుచిలో అధికభాగము ఆ దారిబత్తెమే.

ఏటికెదురీదుటయన్నచో మనకు వ్యర్థప్రయాస. పులసకు అది వంశరక్షణ. అది ఏటికి వచ్చునది గ్రుడ్లు పెట్టుటకు. పెద్ద ఆడుచేప కడుపున పది, ఇరువది లక్షల గ్రుడ్లు కూడ నుండును. అవి ఇంచుమించు ఒక దినములో పొదుగును. పిల్లలు కొన్ని నెలలు ఏటిలో పెరిగి సముద్రమునకు పోయి, ఎదిగినపిదప మరల ఏటికి వచ్చును. పసిఫిక్ సముద్రపు సాల్మను చేప గ్రుడ్లు పెట్టి మరణించును. మన పులస బ్రతికియుండిన సముద్రమునకు మరలిపోయి, ఇంకొకమారు రాగలదు.

నా చిన్ననాడు కొత్తపేట దాపున మా యింట పులస వచ్చిన దినము పండుగ. ఒకనాడు నాయనమ్మ చేపను కోయగా రెండు పెద్ద గ్రుడ్ల తిత్తులు బయటపడినవి. “ఇవన్నీ పులసలేనా, నాయనమ్మా?” అని అడిగితిని. “బతికుంటే పులసలేరా, నాయనా!” అని ఆమె వానిని వేఱుగా గిన్నెలో పెట్టినది. ఆనాడు ఆ గ్రుడ్లకై పిల్లలము పోట్లాడుకొంటిమి. ఆ మాట అర్థమగుటకు నాకు చాల ఏండ్లు పట్టినది.

వలను తప్పించుకొన్న పులసకు ధవళేశ్వరముకడ దారి మూసికొనిపోవును. 1852లో కాటనుదొర కట్టించిన ఆనకట్ట మన డెల్టాకు అన్నము పెట్టినది. ఆ ఋణము మఱువరానిది. అయినను ఆ రాతికట్టయు, 1982 నాటికి దాని స్థానమున పూర్తియైన బరాజును చేపకు అడ్డుగోడలే. ఆనకట్టలు చేపలకు చేయు హానిని గూర్చి ఫ్రాన్సిస్ డే 1873లోనే ప్రభుత్వమునకు నివేదించియుండెను. 1975లో ఫరక్కా బరాజు పనిచేయ మొదలిడిన పిదప, పూర్వము అలహాబాదు దాక పోవు ఇలిష్ అచ్చట అరుదైనది. దిగువనున్న కొద్దిపాటి ఏటిలోనే ఇప్పుడు మన పులస గ్రుడ్లు పెట్టవలెను. ఆ కొద్దిపాటి ఏటిలోనే వలలన్నియు దానికై కాచియుండును.

బంగ్లాదేశమున ఇలిష్ జాతీయమత్స్యము. అక్కడ అక్టోబరు ప్రాంతమున, అది గ్రుడ్లు పెట్టు వేళ, ఇరువది రెండు దినములు దాని వేటను నిషేధించి, బెస్తకుటుంబములకు బియ్యము ఇచ్చుచున్నారు. చిన్న చేపలను పట్టుటయు కొన్ని నెలలపాటు నిషిద్ధము. మన తీరమునను ఏటేట ఏప్రిలు 15 నుండి జూను 14 వఱకు సముద్రములో మరపడవల వేటకు విరామము కలదు. కాని పులస ఏటికి వచ్చునది దాని తరువాత. దానికి విరామము అవసరమైన వేళకు మన విరామము ముగిసిపోవుచున్నది. వరదకాలమున కొన్ని దినములైనను ఏటిలో వలలు ఆపి, ఆ దినముల కూలి బెస్తవారికి ముట్టజెప్పుట మనకు మాత్రము అసాధ్యమా?

పులస తినవలదని నేను చెప్పను; చెప్పినను కోనసీమలో వినువారు లేరు, నా యింటనే వినరు. అయితే పుస్తెల సామెత పుట్టించిన పెద్దలకు చేపయు నుండెను, సామెతయు నుండెను. మన మనుమలకు సామెత ఒక్కటే మిగిలినచో, అదేమి చేపయని వారడిగినప్పుడు మనమేమని చెప్పుదుము?