వివక్షకు కొలత యేది?
(అల్పసంఖ్యాక వర్గముల స్థితిగతుల తారతమ్య పరిశీలనము)

కాకినాడలో నివసించు తెలుగువాడు బహుసంఖ్యాకులలోని వాడు. దానికి సమీపముననే యున్న యానాములోని తెలుగువాడు తన పట్టణమున బహుసంఖ్యాకుడే యైనను, పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతము మొత్తమును లెక్కించినపుడు అల్పసంఖ్యాకుడు. బరంపురమునందును, షోలాపురమునందును, హోసూరునందును గల తెలుగువారు ఆయా రాష్ట్రములలో అల్పసంఖ్యాకులు. వీరందరి మాతృభాష యొక్కటే. పరిపాలనా సరిహద్దు ఎచ్చట పడినదో దానినిబట్టి వీరి స్థితి నిర్ణయమగుచున్నది. 2002లో టి.ఎమ్.ఎ. పాయ్ ఫౌండేషను వ్యాజ్యెమున 11 మంది న్యాయమూర్తులతో కూడిన సుప్రీం కోర్టు ధర్మాసనము కూడ, భాషాల్పసంఖ్యాకులైనను, మతాల్పసంఖ్యాకులైనను రాష్ట్రము ప్రమాణముగానే గుర్తింపబడవలెనని తీర్పు చెప్పెను.

తమకు జరిగిన అన్యాయమే యన్నిటికంటె పెద్దదని ప్రతి వర్గమువారును తలచుట లోకసహజము. ఎవరి బాధ యెక్కువ యని పోటీ పెట్టుటవలన ప్రయోజనము లేదు. ఏ బాధ యే కారణమున కలుగుచున్నదో వేరుపరచి చూచుటవలన మాత్రము ప్రయోజనము కలదు. రోగనిదానము తెలిసినగాని చికిత్స సాగదు. ఈ దృష్టితో భాషాల్పసంఖ్యాకుల స్థితిని ఇతర వర్గముల స్థితితో పోల్చి చూచుట యీ వ్యాసోద్దేశము.

1. రాజ్యాంగమునందలి భేదము

రాజ్యాంగము 15వ అధికరణము మతము, జాతి, కులము, లింగము, జన్మస్థలము అను కారణములచే మాత్రమే వివక్ష చూపరాదని శాసించుచున్నది. ప్రభుత్వోద్యోగములకు సంబంధించిన 16వ అధికరణము వీనికి వంశమును, నివాసమును చేర్చినది. ఈ రెంటియందును భాష పేర్కొనబడలేదు. ప్రభుత్వ ధనసహాయము పొందు విద్యాలయములలో ప్రవేశమును నిరాకరింపరాదను 29వ అధికరణమున మాత్రము భాషయు చేర్చబడినది. మతమునుబట్టి గాని భాషనుబట్టి గాని అల్పసంఖ్యాకులైనవారు తమ విద్యాలయములను స్థాపించుకొని నిర్వహించుకొను హక్కును 30వ అధికరణము ఇచ్చుచున్నది. రాష్ట్రముల పునర్వ్యవస్థీకరణ జరిగిన 1956లో 7వ సవరణ ద్వారా 350ఎ, 350బి అధికరణములు వచ్చినవి. మొదటిది ప్రాథమిక దశలో మాతృభాషయందు బోధనకు వసతులు కల్పింపుమని రాష్ట్రములకు చెప్పునది. రెండవది భాషాల్పసంఖ్యాకుల కొరకు ఒక ప్రత్యేకాధికారిని నియమింపుమని చెప్పునది. ఆ ప్రకారము 1957లో కమిషనరు కార్యాలయ మేర్పడినది.

మతాల్పసంఖ్యాకుల కొరకు 1992లో పార్లమెంటు ప్రత్యేక చట్టమును చేసి జాతీయ కమిషనును ఏర్పరచినది. ముస్లిములు, క్రైస్తవులు, సిక్కులు, బౌద్ధులు, పారసీకులు 1993లోను, జైనులు 2014లోను అందు గుర్తింపబడిరి. భాషాల్పసంఖ్యాకులు ఆ చట్టపరిధిలోనికి రారు. వారి కమిషనరు విచారించి రాష్ట్రపతికి నివేదిక సమర్పించును. ఆ నివేదిక పార్లమెంటు ముందుంచబడును. అందలి సిఫారసులను రాష్ట్రములచే బలవంతముగా నమలు జరిపించు అధికారము ఆ కార్యాలయమునకు లేదు.

ఇంతమాత్రమున భాషాల్పసంఖ్యాకుల కష్టమే మిన్నయని చెప్పరాదు. మతకలహములు చెలరేగినపుడు ప్రాణభయము, ఇల్లు అద్దెకు దొరకకుండుట మున్నగు బాధలు మతాల్పసంఖ్యాకు లనుభవించినవి. షోలాపురమున స్థిరపడిన పద్మశాలి కుటుంబమునకు సాధారణముగా నిట్టి భయము లేదు. దేశమునందలి ముస్లిములు చదువునందును ఉద్యోగములందును ఎంత వెనుకబడియున్నారో 2006లో వెలువడిన సచార్ సంఘ నివేదిక వివరించినది. భాషాల్పసంఖ్యాకునకు వేరొక సౌకర్యము కూడ కలదు: రాష్ట్రభాషను నేర్చినచో అతని కష్టములలో చాల భాగము తీరును. అయితే దానికి మూల్యము లేకపోలేదు. తమిళనాట తరతరములుగా ఇంట తెలుగు మాటలాడుచున్నను, తెలుగు అక్షరము చదువలేని కుటుంబములు అనేకము కలవు.

2. వివక్ష యొక్క విధములు

వివక్ష యనగానే ద్వారమున నిలిచి "లోనికి రావలదు" అనుటయే తలపునకు వచ్చును. ఇది ప్రత్యక్ష నిషేధము. 1954లో నాటి బొంబాయి ప్రభుత్వము, ఆంగ్లమాధ్యమ పాఠశాలలలో ఆంగ్లో-ఇండియనులను, ఆసియేతర సంతతివారిని తప్ప అన్యులను చేర్చుకొనరాదని ఉత్తరువు చేసెను. అదే సంవత్సరము సుప్రీం కోర్టు ఆ ఉత్తరువు 29వ అధికరణమునకు విరుద్ధమని త్రోసివేసెను. ఇట్టి నిషేధము కంటికి కనబడును గనుక కోర్టులో నిరూపించుట సులభము. తెలుగు మైనారిటీ వర్గములకు నేడు ఎదురగు కష్టములలో ఇట్టివి చాల కొద్ది.

రెండవది, అందరికిని ఒకటే నియమముండి కొందరికి మాత్రమే బరువగుట. తమిళనాడు 2006లో తమిళమును ప్రథమ భాషగా నేర్వవలెనని చట్టము చేసెను. అది ఒకటవ తరగతితో ప్రారంభమై ఏటికొక తరగతి చొప్పున పైకి ప్రాకినది. చట్టము తెలుగు బాలుని పేరెత్తి యేమియు ననలేదు. కాని తమిళము ఇంటిభాషగా గల బాలునకు లేని అదనపు భారము తెలుగు, కన్నడ, ఉర్దూ, మలయాళ బాలుర మీద పడినది. మాతృభాష ఐచ్ఛిక స్థానమునకు దిగినది. పదవ తరగతి పరీక్షలో తమిళ పత్రమునుండి మినహాయింపు కొరకు విద్యార్థులు పలుమారులు కోర్టుల నాశ్రయింపవలసివచ్చెను. 2023లో సుప్రీం కోర్టు ఆ మినహాయింపును మరియొక సంవత్సరమునకు పొడిగించెను. కర్ణాటకము 2015లోను, మహారాష్ట్రము 2020లోను ఆయా రాష్ట్రభాషల బోధనను నిర్బంధము చేయుచు చట్టములు గావించినవి. ఉద్యోగ విషయమునను ఇట్లే. రాష్ట్రభాషాజ్ఞానము ఉద్యోగ ప్రవేశమునకు ముందుగా నుండవలసిన అర్హత కారాదనియు, ఎన్నికైన పిమ్మట శిక్షణకాలము ముగియులోపల పరీక్షింపవచ్చుననియు 1956 నాటి కేంద్రప్రభుత్వ పత్రము సూచించినది. తమిళనాడు 2021లో చేసిన ఉత్తరువు ప్రకారము తమిళ పత్రమున 40 శాతము మార్కులు రానివారికి తక్కిన పత్రములతో పనిలేదు.

ఇందు ఒక న్యాయమును గుర్తింపక తప్పదు. రాష్ట్రభాష రాని ఉద్యోగి గ్రామస్థుల అర్జీని చదువలేడు. రాష్ట్రభాషను నేర్పుట తప్పు కాదు; దానిని నేర్చుటకు తగిన కాలమును, ఉపాధ్యాయుని, మెట్లుమెట్లుగా నడిపించు వాచకములను ఈయకుండ, మాతృభాషకు చోటు తీసివేయుట తప్పు. వివాదము నిలువవలసిన చోటు ఇది.

3. ఉపేక్ష పనిచేయు తీరు

మూడవది ఉపేక్ష. తెలుగు పాఠశాలలకు ఎక్కువ నష్టము దీనివలననే కలుగుచున్నది. దానిని వివరించుటకు 10, 40 అను రెండు అంకెలను తెలిసికొనవలెను. 1949 ఆగస్టులో జరిగిన రాష్ట్ర విద్యామంత్రుల సమావేశము, ఒక తరగతిలో 10 మంది గాని, పాఠశాల మొత్తమున 40 మంది గాని అల్పసంఖ్యాక భాషా విద్యార్థులున్నయెడల వారి భాషలో బోధించుటకు ఒక ఉపాధ్యాయుని నియమింపవలెనని తీర్మానించెను. 1961లో ముఖ్యమంత్రుల సమావేశము, ఉన్నత పాఠశాలలయందు పై నాలుగు తరగతులలో 60 మంది, ఒక్కొక తరగతిలో 15 మంది యను పరిమాణమును చెప్పెను.

ఈ నియమము సదుద్దేశముతో నేర్పడినదే. అది చెడిపోవు మార్గ మిట్టిది. తెలుగు ఉపాధ్యాయుడు పదవీ విరమణ చేయును. ఖాళీ వెంటనే పూరింపబడదు. ఒక యేడాది రాష్ట్రభాషోపాధ్యాయుడే తెలుగు తరగతిని చూచుకొనును. తెలుగు వాచకములు దసరా దాటిన పిదప చేరును. పొరుగు రాష్ట్రమునుండి తెప్పించిన తెలుగు పుస్తకములు ఇక్కడి పాఠ్యప్రణాళికకు సరిపడవు. ఇక్కడి పాఠములను తెనిగించి అచ్చువేయుటకు ప్రతులసంఖ్య చాలదందురు. ఇదంతయు చూచిన తండ్రి తన రెండవ బిడ్డను వేరొక మాధ్యమమున చేర్చును. తరగతిలో 12 మంది యున్నచోట 9 మందియే మిగులుదురు. అప్పుడు "కోరువారు లేరు" అను వ్రాత మీద తరగతి మూతపడును. కోరువారు లేకపోవుటవలన ఉపాధ్యాయుడు లేకపోయెనా, ఉపాధ్యాయుడు లేకపోవుటవలన కోరువారు లేకపోయిరా యను ప్రశ్నకు దస్త్రములో సమాధానముండదు. ఈ క్రమమున ఏ యధికారియు తెలుగును ద్వేషింపలేదు. ఏ యుత్తరువును తెలుగును నిషేధింపలేదు. అందుచేతనే దీనిని కోర్టులో నిరూపించుట కష్టము.

ముంబయి నగరపాలక సంస్థ ఎనిమిది మాధ్యమములలో పాఠశాలలు నడపినది. అందు తెలుగు ఒకటి. ప్రభుత్వ మనుమతించినను, ఆంగ్లమాధ్యమముపై మోజుచే తలిదండ్రులే పిల్లలను మరల్చినచో ఆ నష్టమును వివక్ష ఖాతాలో వ్రాయరాదు. మన తప్పును వేరుగా లెక్కించినపుడే ఇతరుల తప్పు స్పష్టమగును.

4. అండ లేని భాషలు

తెలుగు మైనారిటీలకు ఒక గొప్ప అండ కలదు. 2011 జనాభా లెక్కల ప్రకారము దేశమున తెలుగు మాతృభాషగా గలవారు 8 కోట్లకు పైబడియున్నారు; తెలుగు రాజభాషగా గల రాష్ట్రములు రెండున్నవి. పాఠ్యగ్రంథములు, నిఘంటువులు, విశ్వవిద్యాలయములు ఉన్నవి. యానామున తెలుగు వాడుకకు 1965 నాటి పుదుచ్చేరి అధికారభాషా చట్టమే అవకాశ మిచ్చినది. గోండీ భాషీయుల స్థితి యిట్టిది కాదు. అదే లెక్కల ప్రకారము వారు సుమారు 30 లక్షలు. మధ్యప్రదేశ్, ఛత్తీస్‌గఢ్, మహారాష్ట్ర, తెలంగాణ, ఒడిశాలలో చీలిపోయి ప్రతిచోటను అల్పసంఖ్యాకులైరి. సంతాలీ, బోడో భాషలు 2003లో ఎనిమిదవ షెడ్యూలున చేరినవి గాని గోండీ చేరలేదు. తమ పుస్తకములను పంపుమని వ్రాయుటకు వారికి పొరుగు రాష్ట్రము లేదు.

ఉర్దూ స్థితి మరియొక రకము. అది షెడ్యూలులోని భాషయే. చెప్పుకోదగిన సాహిత్యము గలదే. కాని ఉత్తరప్రదేశమున ఆ భాషపై కోరిక మతముపై కోరికగా భావింపబడినది. 1954లో జాకీర్ హుస్సేన్ నాయకత్వమున 20 లక్షలకు పైగా సంతకములతో రాష్ట్రపతికి విన్నపము సమర్పింపబడినను, అచ్చట రెండవ అధికారభాషగా గుర్తింపు 1989లో మాత్రమే లభించెను. ఒకే వర్గము మీద భాషాభేదమును మతభేదమును కలిసి పడినపుడు రెండు బరువుల మొత్తముకంటె అధికమైన బరువు పడునని దీనివలన తెలియుచున్నది.

5. మన లోపలి అల్పసంఖ్యాకులు

అట్టి ద్విగుణభారము తెలుగువారిలోనే కలదు. తమిళనాట జమీందారీలను, విస్తారమైన భూములను ఏలిన తెలుగు కుటుంబములున్నవి. పారిశుధ్యపు పనిలో తరతరములుగా నలిగిన అరుంధతీయులలో తెలుగు మాతృభాషగా గలవారును ఉన్నారు. ఈ యిరువురును "తెలుగు మైనారిటీ" యను నొకే పేరున లెక్కకు వచ్చుచున్నను, వీరి కష్టము ఒకటి కాదు. తమిళనాడు ప్రభుత్వము 2009లో షెడ్యూల్డు కులముల 18 శాతములో 3 శాతమును అరుంధతీయులకు ప్రత్యేకించెను. 2024లో సుప్రీం కోర్టు ఆ చట్టము చెల్లునని చెప్పెను. కులమునుబట్టి వచ్చిన యీ ఉపశమనమును ఏ భాషాసంఘమును తెచ్చియుండలేదు. మరియొక చిక్కు కలదు. ఒక రాష్ట్రమున షెడ్యూల్డు కులముగ గాని తెగగ గాని గుర్తింపు పొందినవాడు వేరొక రాష్ట్రమునకు వలస పోయినపుడు ఆ గుర్తింపు వెంట రాదని 1990లో సుప్రీం కోర్టు నిర్ణయించెను. ఆ వ్యాజ్యెము ఆంధ్రదేశమునుండి బొంబాయికి వలసపోయిన కుటుంబమునకు సంబంధించినదే.

ఇక తెలుగు బహుసంఖ్యాక భాషగా నున్నచోట పరిస్థితి యేమి? తెలంగాణ రాష్ట్రము 2018లో అన్ని పాఠశాలలలో తెలుగు బోధనను నిర్బంధము చేసినది. హోసూరు తెలుగు బాలునిపై పడిన భారమును గూర్చి మాటలాడువారు ఆదిలాబాదు గోండు బాలునిపై పడు భారమును మరువరాదు. 1940ల దశాబ్దమున ఆ జిల్లాలోని మార్లవాయిలో హైమెండార్ఫ్ ప్రోత్సాహమున గోండు ఉపాధ్యాయులకు శిక్షణ లభించెను. గోండీ వాచకములు సిద్ధమైనవి. ఆ ప్రయత్నము కొనసాగియుండిన యెంత మేలో యూహింపవచ్చును.

పర్లాకిమిడియందు ఉపాధ్యాయుడుగా నుండిన గిడుగు వేంకటరామమూర్తి పంతులు సవర భాషను నేర్చి, సవరల కొరకు పాఠశాలలు పెట్టి, 1931లో ఆ భాషా వ్యాకరణమును వెలువరించిరి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్ర మేర్పడి పర్లాకిమిడి అందు చేరినపుడు వారు ఆ యూరు విడిచి రాజమహేంద్రవరము చేరిరి. సరిహద్దు మారి తాము అల్పసంఖ్యాకులగుటకు ఎంతో ముందే, తమకంటె చిన్నదైన భాషకు వారు ఉపాధ్యాయులైరి.

6. కర్తవ్యము

పై పరిశీలనమువలన తేలునది యిది. తెలుగు మైనారిటీల కష్టము యథార్థమైనదే. అయితే అందు అధికభాగము నిషేధమువలన గాక, సమనియమపు అసమభారమువలనను ఉపేక్షవలనను కలుగుచున్నది. కావున "అన్యాయము" అని స్థూలముగా మొరపెట్టుకొనుటకంటె, ఏ పాఠశాలలో ఏ తరగతికి ఏ తేదీనుండి ఉపాధ్యాయుడు లేడో, వాచకములు ఏ నెలలో అందినవో వ్రాసియుంచి కమిషనరు కార్యాలయమునకు పంపుట ఫలదాయకము. బడులు తెరచుటకు ముందే తెలుగు కోరు బాలుర పేర్లను నమోదు చేయించుట, 10 మంది 9 మంది కాకుండ కాచుకొనుట సంఘముల పని. తెలుగుపేటలోని పారిశుధ్య కార్మికుని బిడ్డ పేరు ఆ పట్టికలో మొదట చేరవలెను. ఆ యూరి ఉర్దూ, కన్నడ బాలుర పట్టికకును మన సంఘములు తోడు నిలువవలెను. ఉపాధ్యాయుని కొరకు సమర్పించు అర్జీలో మూడు భాషలవారి సంతకములున్నచో, దానిని "కోరువారు లేరు" అని త్రిప్పి పంపుట ఏ కార్యాలయమునకును సులభము కాదు.