ఇంటి కప్పూ, రాత్రి ఆకాశమూ

ఏటా డిసెంబరులో చింతపల్లి ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం నమోదు చేసిన కనిష్ఠ ఉష్ణోగ్రతలు పత్రికలకెక్కగానే, వరాహ నది ఒడ్డున ఉన్న బలిఘట్టంలో దుప్పటితో తీరిపోయే చలి, అక్కడికి సుమారు 30 కిలోమీటర్ల దూరంలోని లంబసింగిలో నెగడు ఎందుకు కోరుతుందన్న ప్రశ్న మళ్లీ తలెత్తుతుంది. కిలోమీటరు ఎత్తుకు ఉష్ణోగ్రత సగటున 6.5 డిగ్రీలు తగ్గుతుంది, లంబసింగి ఎత్తు సుమారు 1,000 మీటర్లు. కానీ అంతా ఎత్తు మహిమే అయితే పల్లంలోని ఇల్లు వాలు మీది ఇంటికంటే వెచ్చగా ఉండాలి, నిర్మలమైన రాత్రుల్లో జరిగేది దీనికి విరుద్ధం.

ప్రతి వస్తువూ తన వేడిని కంటికి కనబడని పరారుణ కిరణాలుగా వెలువరిస్తూ ఉంటుంది. మబ్బులేని పొడి రాత్రి ఆకాశం నుంచి తిరిగి వచ్చేది తక్కువ కనుక, ఆకాశానికి ఎదురుగా ఉన్న గడ్డీ రేకులూ చుట్టూ ఉన్న గాలికంటే చల్లబడతాయి, వాటిని తాకిన గాలిలోని ఆవిరి నీరవుతుంది. ‘మంచు కురుస్తోంది’ అన్న మన పలుకుబడిలో దాగిన పొరపాటునే యూరప్ కూడా శతాబ్దాల పాటు నమ్మింది. లండన్ వైద్యుడు విలియం చార్లెస్ వెల్స్ 1814లో వెలువరించిన గ్రంథంలో దీన్ని తేల్చాడు: రెండు కొసలా తెరిచిన మట్టి గొట్టాన్ని గడ్డి మీద నిలబెట్టి, లోపల కొంత ఉన్ని, బయట అంతే ఉన్ని ఉంచితే, బయటిది 16 గ్రెయిన్ల తేమ పట్టగా లోపలిది 2 మాత్రమే పట్టింది. మంచు వానలా పడేదే అయితే నిలువునా తెరిచి ఉన్న గొట్టంలోనూ అంతే పడాలి. లోపలి ఉన్నికి తక్కువైనది ఆకాశమే. ఇంతటి అందమైన ప్రయోగం అరుదు.

ఇలా చల్లబడిన నేలను ఆనుకున్న గాలి బరువెక్కి నీటిలాగే వాలు వెంట జారి పల్లంలో నిలుస్తుంది. కనుక ఇల్లు లోయ అడుగునా కాక, గాలి కొట్టే శిఖరానా కాక, వాలు నడుమ ఉండాలి. ఇంట్లో ఆకాశాన్ని పూర్తిగా చూసేది కప్పు. మందపాటి గడ్డికప్పు తనలో బంధించిన గాలితో లోపలి వేడిని నిలుపుతుంది, రేకు ఆ పని చేయలేక తెల్లవారేసరికి లోపలి వైపున కూడా చెమరుస్తుంది. రేకుల కింద మరో పొర వేయకుండా హీటరు కొనడం దండగ.

ఇక కిటికీల మాట: డిసెంబరు చివర మధ్యాహ్నపు సూర్యుడు ఇక్కడ దక్షిణాన సుమారు 49 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు, జూన్ చివర నడినెత్తి దాటి కొంచెం ఉత్తరానికి ఒరుగుతాడు. చలికాలపు ఎండను లోపలికి రానిచ్చి, వేసవి ఎండను చిన్న చూరుతోనే ఆపగలిగే గోడ దక్షిణపు గోడ; వాస్తు భయంతో దాన్ని మూసివేయడం తప్పు.